బావ డీజిల్ బండి

మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్ ఇంట్లో రెండు పాత పికప్‌లు ఉండేవి. పెట్రోలుది నేను నడిపేవాణ్ణి, డీజిల్‌ది మా బావ. బావంటే మా అక్క మొగుడు. ఆ చలికాలం కఫీల్ మంచాలూ వంటగదీ ఉన్న పెద్ద క్యాంపు ట్రైలర్ కొన్నాడు. దాన్ని సఖీర్ ఎడారికి ఏ బండి బాగా లాగితే దాన్నే ఉంచుతానని, రెండోది అమ్మేస్తానని చెప్పాడు. బండి పోతే దాని డ్రైవరూ పోతాడు. మళ్లీ అస్కర్ లేబర్ క్యాంపే గతి. అక్కడ నాలుగేళ్లు పడ్డాను. చావనైనా చస్తాను గానీ తిరిగి పోననుకున్నాను.

ముహర్రక్‌లోని మా గదిలో మూడు రోజులు అదే రచ్చ.

"డీజిల్‌ది మెల్లగ పోతది గని ఎంత బరువైన గుంజుతది," అన్నాడు బావ.

"ఇసుకల దిగబడితె ఎవడు లేపాలె? దాని ఇంజనే మస్తు బరువు. నాది తొక్కంగనె దుంకుతది."

"దుంకుడు గాదు బామ్మర్దీ, గుంజుడు రావాలె. నీ బండి నీ లెక్కనే, ఒర్రుడెక్కువ."

మామూలుగా అయితే నవ్వేవాణ్ణి. బావాబామ్మర్దుల సరసం అలాగే ఉంటుంది. ఆ రోజు చేతిలోని టీ గ్లాసు గోడకేసి కొట్టాను. బావ నా కాలర్ పట్టుకున్నాడు. మూతి మీద గుద్దాను. పెదవి చిట్లింది. రక్తం ఉమ్మి, "రేపు బండ్లే చెప్తయి," అన్నాడు.

మర్నాడు పొద్దున ట్రైలర్ నిలిపే చోటు చదును చేయడానికి ఎడారికి వెళ్లాం. కఫీల్ ఇంకా రాలేదు. రెండు బండ్లనూ వెనకా వెనకా కలిపి గొలుసుతో కట్టాం. ఎవడు ఎవణ్ణి ఈడిస్తే వాడిది గెలుపు. తెగేదాకా లాగొద్దంటారు, మాకిద్దరికీ తెలియని మాట కాదు.

నా బండి అరిచింది. చక్రాలు ఇసుకను తవ్విపోశాయి. డీజిల్ బండి మాత్రం నిదానంగా నన్ను వెనక్కి ఈడ్చుకుపోయింది. బావ గెలిచి, ఆగి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు, ఇక చాలని. ఆ చెయ్యి చూడగానే నాకు ఒళ్లు మండింది. గొలుసు వదులయ్యేలా కొంచెం వెనక్కి వచ్చి, ఒక్కసారిగా ముందుకు తొక్కాను.

నా బండి కొక్కెం విరిగింది. గొలుసు ఆ ఇనుప ముక్కతో సహా ఎగిరి, బావ బండి వెనక అద్దం పగలగొట్టుకుని లోపలికి దూరింది. నేనేం చేస్తున్నానో చూడటానికి బావ అప్పుడే వెనక్కి తిరిగాడు. పరుగెత్తి తలుపు లాగాను. చెంప చీలిపోయింది. కుడి కన్ను ఉండాల్సిన చోట రక్తం తప్ప ఏమీ కనబడలేదు.

సల్మానియా ఆసుపత్రిలో ఆ కన్ను తీసేశారు. కఫీల్ వచ్చి ఎలా జరిగిందని అడిగాడు. గొలుసు పాతదని, దానంతట అదే తెగిందని బావ చెప్పాడు. డీజిల్‌దే బాగా లాగుతుందని కూడా చెప్పాడు. కఫీల్ ఆ బండి తాళం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

"కొట్టు బావా," అంటూ అతని చెయ్యి తీసుకుని నా చెంపల మీద వాయించుకున్నాను. బావ చెయ్యి లాక్కున్నాడు.

"ఇసుకల టైర్ల గాలి తగ్గియ్యి," అన్నాడు. "ఎక్కువ తొక్కకు. అదే గుంజుతది."

ఒంటికన్నుతో డ్రైవర్ పని ఎవరిస్తారు? బావ ఊరికి పోయాడు. నేను ఇంకా ఆ బండే నడుపుతున్నాను. గొలుసు పాతదనే అక్క ఇప్పటికీ నమ్ముతోంది. ఫోన్ చేసినప్పుడల్లా, పాత సామాన్‌తో జాగ్రత్త తమ్మీ అంటుంది.