నలభై ఒకటో ఇంటి సున్నా

మా ఊరికి వాన తప్పిన ఏళ్లు చాలా ఉన్నాయి. పరిశోధకులు తప్పిన ఏడు మాత్రం నాకు గుర్తు లేదు.

వజ్రకరూరు దారిలో ఎర్రమట్టి, శెనక్కాయ, ఎండ తప్ప చెప్పుకోవడానికేమీ లేని ఊరు మాది. తొంభైల చివర మా కరువు పత్రికలకెక్కినాక యూనివర్సిటీల వాళ్లు ఒకరి వెనక ఒకరు దిగారు. భూగర్భశాస్త్రం వాళ్లు సుత్తులతో వచ్చి నా గట్టు మీది రాళ్లు గుడ్డసంచుల్లో వేసుకున్నారు. వజ్రాల కోసమా అంటే నవ్వి ఊరుకున్నారు. మట్టిశాస్త్రం వాళ్లు చేలో మూడు గుంతలు తీసి పూడ్చకుండా పోయారు. ఒకదాంట్లో పడి మా మేకపోతు కాలు విరిగింది. ఏళ్ల తరబడి నేను పీకి పారేస్తున్న కలుపును వృక్షశాస్త్రం వాడొకడు పేపర్ల మధ్య పసిబిడ్డలా పడుకోబెట్టుకుని తీసుకుపోయాడు. మనశ్శాస్త్రం ఆయన, వాన రాకపోతే ఎంత దిగులో ఒకటి నుంచి ఐదు లోపల చెప్పమన్నాడు. ఐదు దాటినవాళ్లు ఎక్కడికి పోవాలో చెప్పలేదు. అర్థశాస్త్రం వాళ్లు రోజుకెన్నిసార్లు తింటామని అడిగి, మా ఇంట్లోనే తిని పోయారు.

వీటన్నిటినీ ఓర్చుకున్నాను. ఓర్వలేనిది వాళ్ల ఫారాల్లో ఒక్క గడినే. చదువు గడి.

నేను బడికి పోలేదు. నాయన గొర్రెల వెంట పంపాడు. వీధినాటకంలో వేషం మీద ఆశతో, గురువు పుస్తకం చదువుతుంటే భుజం మీదుగా తొంగిచూసేవాణ్ణి. ఆయన వేలు కదిలిన చోటల్లా ఒక్కో అక్షరం దొంగిలించాను. ఇరవై ఏళ్లు నిండేసరికి తెర వెనక పుస్తకం పట్టి మాట అందించేది నేనే. ఊరందరి ఉత్తరాలు, పట్టాలు, నోటీసులు చదివిపెట్టిందీ నేనే. ఫారం వాళ్లు మాత్రం "ఎన్నో తరగతి?" అనే అడిగేవారు. ఏ తరగతీ కాదంటే సున్నా. సున్నా అంటే నిరక్షరాస్యుడని పక్కనే అచ్చు వేసి ఉండేది. ఆ మాటను ఎదురుగా కూర్చుని తలకిందులుగా చదివేవాణ్ణి.

తర్వాత ఒక ఎండాకాలం సమాజశాస్త్రంలో డాక్టరేటు చేస్తున్న కోస్తా అమ్మాయి వచ్చింది. నలభై ఇళ్లు ముగించింది. మాది నలభై ఒకటోది, ఆఖరిది. సాయంత్రం కళ్యాణదుర్గం బస్సు పట్టుకోవాలి.

"తాతగారూ, ఎంతవరకు చదువుకున్నారు?"

"బడికి పోలేదు. చదివేది, రాసేది బాగా వచ్చు."

సున్నా పెట్టింది.

"ఏమ్మా, సున్నా యాల పెట్టినావు?"

"తరగతి లేకపోతే అదే కోడు, తాతగారూ."

"ఆ కాగితం ఇట్లియ్యి."

ఫారం తీసుకుని మొదటి పేజీ నుంచి ఆపకుండా చదివాను. తొమ్మిదో ప్రశ్నా పద్నాలుగో ప్రశ్నా ఒకటేనని కూడా చూపించాను. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది.

గడప దగ్గర శెనక్కాయలు ఒలుస్తున్న నా భార్య ఊరుకోలేదు. "పాపకు బస్సు పోతాది. సున్నా అయితే నీకేం కొంప మునిగింది? పుట్టినప్పటి నుంచి నేను సున్నానే గదా, నీకు సంగటి కెలికి పెట్టలేదా?"

"నువ్వు ఊరకుండు. ఇది దిద్దేదాకా నా నోట ఇంకో జవాబు రాదు."

అమ్మాయి గడియారం చూసుకుంది. "తప్పకుండా దిద్దుతాను తాతగారూ. పుస్తకం అయ్యాక మీకే పంపుతాను, చూసుకోండి" అని, సున్నా పక్కన పెన్నుతో ఏదో గీసింది. నేను మెత్తబడ్డాను. మేకలతో మొదలుపెట్టి అన్నీ చెప్పాను.

రెండేళ్లకు టపాలో పుస్తకం వచ్చింది. మాట నిలబెట్టుకుందనుకున్నాను. అట్ట మీద బంగారు అక్షరాలు. తెరిస్తే అంతా ఇంగ్లీషు.

మా ఊరి గురించి రాసిన అంత లావు పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ రోజు నేను నిజంగానే సున్నా అయ్యాను. అంకెలైతే బస్సుల మీదా బస్తాల మీదా చూసినవే. చివరి పట్టికల్లో నలభై ఒకటి వెతికాను. ఎకరాలు ఆరు, మేకలు పదకొండు. నేనే. ఆ వరుసలో ఒకే ఒక్క సున్నా, అది చదువు గడే. దాని నెత్తిన ఒక చుక్క. పేజీ అడుగున అదే చుక్కతో చిన్న వాక్యం.

బడి అయ్యవారి దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన ఆ వాక్యం చదివి నా ముఖం చూశాడు.

"చెప్పు సామీ, ఏం రాసింది?"

"తనకు చదువు వచ్చునని ఈ ఇంటాయన చెప్పుకుంటాడు అని ఉండాదన్నా."

"చెప్పుకుంటాడా? ఆ పాప ముందర చదివినా గదప్పా!"

"పరిశోధనలో అట్లనే రాస్తారులే. చెప్పినాడంటారు గానీ నిజమనరు."

ఇంటికొచ్చి ఆ పేజీ అంచున తెలుగులో రాశాను: 'తొమ్మిదో పట్టికలోని అంకెలే పద్నాలుగో పట్టికలోనూ ఉన్నాయి. ఒకటి తీసేయవచ్చు. మట్టిశాస్త్రం వాళ్లు గుంతలు పూడ్చలేదు. మేకపోతు ఇంకా కుంటుతోంది.' కింద వేలిముద్ర కాదు, సంతకం పెట్టాను. పుస్తకాన్ని వచ్చిన చిరునామాకే తిప్పి పంపడానికి గుడ్డలో కుట్టిస్తుంటే నా భార్య అడిగింది.

"ఇంగ్లీషు పుస్తకంలో తెలుగు రాస్తే ఆడ ఎవురు చదువుతారు?"

"చదువు వచ్చునని చెప్పుకునేటోళ్లు ఆడ శానామంది ఉండారు. చూస్తాం పట్టు."

ఇంతవరకు జవాబు రాలేదు.