కొండ మీద షిఫ్ట్ బస్సు

ఒడిశాలో దామంజోడి కొండ మీది బాక్సైట్ గనికి రోజూ షిఫ్ట్ బస్సులో వెళ్లొచ్చి, రిటైరైన మా నాన్నకు పెరూలో ఆండీస్ కొండల మీద ఉన్న పాత రాతికోటలు చూడాలని కోరిక. ఏ టూరు వాళ్ల సాయం లేకుండా మేమిద్దరమే వెళ్లాం. పైన గాలి పలచగా ఉంటుంది, రెండు రోజులాగి ఎక్కమని హోటల్ ఆవిడ చెబితే నాన్న నా వైపు తిరిగి నవ్వేశారు.

"ఉద్యోగమంతా కొండ మీదే సేసేను. నాకేటవుతాదమ్మి?"

కోట గోడ దగ్గరకు చేరేసరికి ఆయన పెదాలు నీలంగా మారాయి. అడుగు తడబడి రాళ్ల మీద కూలబడ్డారు. దిగిపోదామని బతిమాలాను. నాన్న నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసి, "షిఫ్ట్ బస్సు వచ్చీసిందేటి?" అని అడిగారు.

"వచ్చీసింది నాన్నా, లెగు" అన్నాను ఏడుస్తూ.

లేవబోయి నా చేతుల్లోనే ఒరిగిపోయారు. మళ్లీ కళ్లు తెరవలేదు.

ఇప్పటికీ సాయంత్రం దామంజోడిలో మా వీధి మలుపులో షిఫ్ట్ బస్సు ఆగితే, ఆఖరి మనిషి దిగేదాకా చూసిగానీ తలుపు వేసుకోలేను.