ఒబ్దులియా పొగగొట్టం

రోమన్లు మా లూగో ఊరి చుట్టూ గోడ కట్టింది శత్రువుల్ని ఆపడానికి. కాలక్రమాన శత్రువులు రావడం మానేశారు, మేం దాని మీద సాయంత్రం షికార్లు మొదలుపెట్టాం. లేనివాళ్లు ఆ గోడకే ఆనించి ఇళ్లు కట్టుకున్నారు. నాలుగు గోడల్లో ఒకటి ఊరికే వస్తుంటే ఎవరికి చేదు? ఒబ్దులియా ఇల్లు అలాంటిదే. ఆమె వంటింటి పొగగొట్టం సరిగ్గా షికారు చేసేవాళ్ల మోకాళ్ల దగ్గర తేలేది.

పొగ పైకి పోయేది, ఊరి సంగతులు కిందికి దిగేవి. పొయ్యి ముందు ఆకుకూర సూపు కలుపుతూనే ఎవరింట్లో ఏం జరుగుతోందో ఆమె చెప్పేసేది. చెప్పులు కుట్టే అమారో, సబేలా మీద మనసుపడి తిండి మానేశాడని తెలిసి, వెళ్లి ఆ పిల్లకు చీవాట్లు పెట్టి మరీ పెళ్లి చేయించింది.

"నీకెలా తెలిసింది పిన్నీ?" అనడిగితే, "నాకు తెలియనిదేముందే?" అని మూతి తిప్పేది. ఆ గర్వం తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు.

అంతలో గోడకు ఆనుకున్న ఇళ్లన్నీ తీసేస్తామన్నారు మునిసిపాలిటీ వాళ్లు. ఆమెకు కొత్తపేటలో నాలుగో అంతస్తులో వాటా ఇచ్చారు. నా దగ్గర కూర్చుని, అన్నీ ఆ గొట్టంలోంచే వింటానన్న గుట్టు విప్పి భోరుమంది.

"కొంప పోతే పోయింది! ఇక నా మాట ఎవరు లెక్కచేస్తారే?"

నాకు నవ్వాగలేదు. "పిన్నీ, అమారో తన గోడు ఎవరితో చెప్పుకుంటుంటే విన్నావు?"

"ఎవరూ లేరు. వాడొక్కడే గొట్టం పక్కన నిలబడి అరిచాడు."

అనేసి నోరు తెరిచింది. మా ఊళ్లో "ఆకలేస్తోందా?" అంటే "వంటయిందా?" అంటారు గానీ, ఏదీ మొహం మీద చెప్పి ఎరగరు. మాకందరికీ ఆ గొట్టమే దిక్కు; ఆమెకు వినపడాలనే దాని పక్కన నిలబడి గోడు చెప్పుకునేవాళ్లం.

"ఇన్నేళ్లూ నన్ను వెర్రిదాన్ని చేశారా!" అని లేచిపోయింది. ఎవరితోనూ మాటల్లేవు. ఇల్లు కూలింది. మాకూ బెంగ పట్టుకుంది.

ఒక సాయంత్రం ఒబ్దులియా మొట్టమొదటిసారి గోడెక్కింది. కుర్చీ ఒకటి మోసుకొచ్చి, మునుపు పొగగొట్టం ఉన్న చోట వేసుకుని, అందరివైపూ వీపు పెట్టి కూర్చుంది.

అమారో వచ్చి ఆమె వెనక నిలబడి, ఆకాశంకేసి చూస్తూ అరిచాడు: "మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది!"

ఒబ్దులియా తల తిప్పలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి సబేలా తలుపు తట్టింది.