ఇంటిపేరు అడిగి తీసిన నెత్తురు

దోహా శివారు మెసైమీర్‌లో, ఒక ప్రైవేటు క్లినిక్కులో రక్తం తీసే వెంకటప్పది అనంతపురం జిల్లా. ఊళ్ళో పదో తరగతి దాకా చదివి, కర్నూల్లో ఏడాది ల్యాబు కోర్సు చేసి, ఎనభై ఏడులో దోహాలో దిగాడు. సన్నటి నరాలున్న ముసలమ్మలకూ, సూది చూడగానే కళ్ళు తిరిగే పహిల్వాన్లకూ, చేతులు కాలిన ఒక వంటమనిషికీ మొదటి పోటులోనే నెత్తురు తీసినవాడు. పదకొండేళ్ళలో ఒక్క లేబులు తారుమారు కాలేదు. ఈ మాట అతనే చెప్పుకునేవాడు. నిజం కాబట్టి వినేవాళ్ళు కాదనేవాళ్ళు కారు.

తొంభై ఎనిమిది చలికాలంలో క్లినిక్కు డాక్టరు నిరంజన్ అతన్ని పిలిచి ఒక కొత్త పని చెప్పాడు. నిరంజన్‌ది హైదరాబాదు, కాపురం అల్ హిలాల్‌లో, వయసులో వెంకటప్ప కంటే చిన్న. ఆయనకు పైదేశంలో చదువు చెప్పిన ప్రొఫెసరు ఒక పరిశోధన మొదలుపెట్టాడట. ఫిలిప్పీన్స్, ఇండొనేషియా మొదలు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దాకా దీవుల జనం మాట్లాడే భాషలు ఒకే కుటుంబానివి. ఆ జనం మూలపురుషులు తైవాన్ వైపు నుంచి పడవల్లో వచ్చినవాళ్ళా, అంతకుముందే ఆ దీవుల్లో ఉన్నవాళ్ళా అన్నది తేలాలి. మగవాడి నెత్తురులో వై క్రోమోజోమ్ అని ఒక పోగు ఉంటుంది. అది తండ్రి నుంచి కొడుక్కే దిగుతుంది, కూతురికి దిగదు. ఆ పోగు పట్టుకుని తాతముత్తాతల దాకా వెనక్కి నడవాలి. అందుకు యాభైమంది మగవాళ్ళ నెత్తురు కావాలి. ఏ ఇద్దరిదీ ఒకే తండ్రి వరస కాకూడదు.

“అట్లయితే ఇది ఇంటిపేరు మాదిరి గదా సార్,” అన్నాడు వెంకటప్ప.

నిరంజన్ నవ్వి, “భలే పట్టుకున్నారు వెంకటప్ప గారూ, అంతే,” అన్నాడు. పని పక్కాగా జరిగితే ప్రొఫెసరు అచ్చువేసే వ్యాసం చివర వెంకటప్ప పేరు కూడా పడుతుందని మాటిచ్చాడు. ఓటర్ల జాబితాలో తప్ప వాళ్ళ వంశంలో ఎవరి పేరూ అప్పటిదాకా అచ్చులో పడలేదు.

రాస్ లఫాన్ గ్యాసు ప్లాంట్లలో పనిచేసే ఫిలిప్పీన్స్, ఇండొనేషియా వాళ్ళుండే క్యాంపు ఒకటి అల్ ఖోర్ దగ్గర ఉంది. వరసగా మూడు శుక్రవారాలు వెంకటప్ప ఐసు పెట్టె పట్టుకుని అక్కడికి వెళ్ళాడు. సంగతంతా చెప్పి, సంతకం పెట్టించుకుని, ముందు ఇంటిపేరు అడిగేవాడు. ఆ పేరువాడు అప్పటికే ఇచ్చి ఉంటే, వచ్చినవాణ్ణి తిప్పి పంపేసేవాడు. అతని ఊళ్ళో ఒకే ఇంటిపేరు వాళ్ళు, ముఖాలు ఎరగకపోయినా, అన్నదమ్ముల కిందే లెక్క. వాళ్ళు పిల్లనిచ్చి పుచ్చుకోరు. ఇంతకంటే గట్టి ఆధారం అతనికి తెలియదు.

అలా వెనక్కి పోయినవాళ్ళలో రొమేల్ రేయెస్ అనే ఫిలిప్పీన్స్ వెల్డరు ఒకడు. అంతకుముందే ఇంకో రేయెస్ నెత్తురిచ్చి ఉన్నాడు. మీ అన్న ఇచ్చేశాడు, నువ్వక్కర్లేదు అన్నాడు వెంకటప్ప. ఆ రేయెస్‌ది వేరే దీవి, మా నాన్న అక్కడ కాలే పెట్టలేదన్నాడు రొమేల్. పూర్వం స్పెయిన్ దొరలు పుస్తకంలో పేర్లు చూసి జనానికి పంచారనీ, అందుకే ఊరూరా అవే పేర్లనీ వచ్చీరాని హిందీలో చెప్పబోయాడు. నెత్తురిచ్చినవాళ్ళకు జ్యూసూ బిస్కెట్లూ ఇస్తున్నారు కదా, వాటికోసం అల్లిన కథ అనుకున్నాడు వెంకటప్ప. ఆ రోజు నుంచీ మెస్సులో రొమేల్ కనిపిస్తే చాలు, మీ నాన్న ఏ ఓడ మీద తిరిగాడని పక్కవాళ్ళు ఆరా తీయడం మొదలుపెట్టారు. రొమేల్ పళ్ళెం తీసుకుని గదికి పోయి తినేవాడు.

మూడో శుక్రవారానికి నలభై ఆరు ట్యూబులయ్యాయి. ఆదివారం నిరంజన్ వాటితో విమానమెక్కాలి. తిరుగు ప్రయాణంలో క్యాంపు బస్సు నడిపే కడప మనిషి ఇమామ్ మాటల్లో పెట్టాడు.

“ఏమప్పా, ఆ జావా అన్నదమ్ములు ముగ్గురూ ఒకటేసారి చెయ్యి చాపినారే. ముగ్గురి నెత్తురూ ఏం జేసుకుంటావు?”

“అన్నదమ్ములా? ఒకని పేరు ఇంగొకనితో కలవల్యా.”

“వాళ్ళకు ఇంటిపేర్లు యాడివప్పా? ఎవని పేరు వానిదే. ముగ్గురూ ఒకే ఇంటికి జాబు రాస్తారు. నువ్వు అడగల్యా?”

వెంకటప్ప అడగలేదు. ఇంటిపేరే లేని జాతి ఉన్నప్పుడు, దొరలు పంచిన ఇంటిపేర్లూ ఉండవచ్చు. ఒకే తండ్రి బిడ్డల్ని మూడు వంశాలుగా రాసుకున్నాడు. ఎవరికెవరూ కానివాళ్ళను అన్నదమ్ములని తరిమేశాడు. లేబుళ్ళు మాత్రం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇమామ్ వారంలో మరచిపోతాడు. తను నోరు మెదపకపోతే ట్యూబులు వెళ్ళిపోతాయి, పేరు అచ్చులో పడుతుంది. కానీ ‘ఇవన్నీ వేరువేరు తండ్రి వరసలు’ అన్న కాగితం కింద సంతకం అతనిదే.

శనివారం పొద్దున నిరంజన్ పెట్టె సర్దబోతుంటే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

“ఇంటిపేరంటే నేనూ తలూపాను కదండీ. మీ ఒక్కరి తప్పెలా అవుతుంది?” అన్నాడు నిరంజన్. ముగ్గురిలో ఇద్దరివి పక్కన పెట్టాడు. జరిగింది జరిగినట్టు ప్రొఫెసరుకు రాస్తాననీ, వ్యాసంలో పేరు వేయడమో మానడమో ఇక ఆయన చేతిలో పని అనీ అన్నాడు. వెంకటప్ప సరేనన్నాడు.

ఆ మధ్యాహ్నమే మళ్ళీ క్యాంపుకు పోయాడు. నెత్తురిచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ పట్టుకుని తండ్రి పేరు, తాత పేరు, తాత ఊరు, దీవి రాసుకున్నాడు. తిప్పి పంపినవాళ్ళు తొమ్మిదిమంది. ఇద్దరు సెలవు మీద వెళ్ళిపోయారు, ఒకడు డ్యూటీలో ఉన్నాడు. ముగ్గురు యల్లా, పో అన్నారు. ఇద్దరు నవ్వి చెయ్యి చాపారు. చివరికి రొమేల్ మిగిలాడు.

“మా అన్న ఇచ్చేశాడుగా, నాది దేనికి?” అన్నాడు రొమేల్.

“అతను నీ అన్న కాదు. నేను తప్పు చెప్పినాను.”

“నాకు కాదు. మెస్సులో చెప్పు.”

వెంకటప్ప మెస్సులోకి పోయి, నలభైమంది అన్నం తింటుండగా బెంచీ పక్కన నిలబడి, ఈ ఇద్దరు రేయెస్‌లకూ చుట్టరికం ఉందని తను అన్నది అబద్ధమని హిందీలో చెప్పాడు. అర్థం కానివాళ్ళకు పక్కవాళ్ళు చెప్పారు. ఈసారి నవ్వు అతని మీదికి మళ్ళింది. రొమేల్ కుర్చీ లాక్కుని కూర్చుని, చొక్కా చెయ్యి మడిచాడు.

“రేపు మీ ప్రొఫెసరు పుస్తకంలో మేమిద్దరం నిజంగానే ఒకే తాత పిల్లలమని తేలితే?”

“అప్పుడు పుస్తకం చెప్తాది. నేను చెప్పను.”

రొమేల్ తాత ఊరి పేరు చెప్పాడు. వెంకటప్ప దాన్ని ఒక్కో అక్షరం రెండుసార్లు చెప్పించుకుని రాసుకుని, అప్పుడు రబ్బరు పట్టీ కట్టాడు.