గుండీలు కుట్టని పాట

వీధిలో అందరికీ ఆవిడ గుండీలమ్మే. ముప్పయ్యేళ్ళుగా మొగుడు బట్ట కత్తిరించి కుడితే, కాజాలు తీసి గుండీలు కుట్టింది ఈవిడే. చొక్కాలో తన వంతు అవగానే ఆయన ఆవిడ ఒళ్ళో పడేసేవాడు, కుట్టమని కూడా అనేవాడు కాదు. పొద్దస్తమానం నోట్లో గుండుసూదులు పెట్టుకునే మనిషికి మాటలెక్కడివిలే అని ఆవిడా సరిపెట్టుకుంది.

ఇప్పుడా మనిషి ఆసుపత్రి చివరి గదిలో ఉన్నాడు. ఇక మందులతో లాభం లేదని డాక్టర్లు చేతులెత్తేశారు. నొప్పి మరిపించడానికని గిటారు పట్టుకుని ఒక పిల్ల వస్తుంది. రోగుల మాటలతోనే రోగుల చేత పాట కట్టించడం ఆ పిల్ల ఉద్యోగం. ఆ గంటసేపూ ఇంటివాళ్ళు బయట కూర్చోవాలి, తలుపు వేసేస్తారు.

తలుపవతల మొగుడు పకపకా నవ్వుతుంటే గుండీలమ్మకి ఒళ్ళు మండిపోయేది. ఒళ్ళు తుడిచేది తను, ఎంగిలి గిన్నె కడిగేది తను, కబుర్లు మాత్రం నిన్నగాక మొన్న వచ్చినదానితోనా! పిల్ల మంచిది కావడం మరీ కంటగింపుగా ఉండేది.

ఒకరోజు పాట ముగిసి ఆయన కునుకు తీస్తుండగా, పిల్ల మంచినీళ్ళకని వెళ్ళింది. ఆ పిల్ల పాట రాసుకునే నోటుపుస్తకం గుండీలమ్మ తెరిచింది. పాటలో మొదటి కత్తెర ఉంది, కురిసే కొట్టు కప్పు ఉంది, పెళ్ళికొడుక్కి పొట్టి ప్యాంటు కుట్టి దాక్కున్న రోజూ ఉంది. తను లేదు. చివర నాలుగు వరుసల ఖాళీ ఉంది, అంతే.

పిల్లను వరండాలోనే నిలేసింది.

"అంత పాటలో నాకింత చోటు లేకపోయిందా? నువ్వైనా అడగలేదా?"

పిల్ల తెల్లబోయింది. "అడిగానండీ. చివరి చరణం చెప్పమంటే చెప్పరు. నా వంతు అయిపోయింది, మిగతాది మా ఆవిడ ఒళ్ళో వేస్తానంటారు. నాకర్థంకాక ఖాళీ వదిలేశాను."

గుండీలమ్మకి వెంటనే అర్థమైంది. ఆ ముక్కేదో నాకు చెప్పి చావొచ్చుగా అని నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. కళ్ళు తుడుచుకుంది గానీ కడుపుమంట చల్లారలేదు. అది కూడా ముందు ఈ పిల్లకే తెలిసింది మరి.

గదిలో ఆయన లేచి దగ్గడం వినిపించింది. గిటారుతో వెంట రాబోయిన పిల్లను గుమ్మంలో ఆపింది.

"ఈ గంట నాది. నువ్వు బయట కూర్చో తల్లీ."

పుస్తకం చంకన పెట్టుకుని లోపలికెళ్ళి తలుపు వేసేసింది.