శంషాబాద్ దారిలో మూడు బర్గర్లు, ఒక పెళ్లి భోజనం

మా అమ్మాయి సౌమ్య పెళ్లి మాటలు భోజనాల దగ్గర ఆగిపోయాయి. అబ్బాయి మహేశ్, సౌమ్య ఎయిర్‌పోర్టు కార్గో విభాగంలో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. మహేశ్ వాళ్లది తుక్కుగూడ అవతల, కందుకూరు దగ్గర ఒక పల్లె, వ్యవసాయ కుటుంబం. మేము తెనాలి వైపు నుంచి వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడినవాళ్లం, నాది బీమా ఆఫీసులో ఉద్యోగం. మిగతా విషయాలన్నీ రెండు నెలల్లో సర్దుకున్నాయి. మాంసం లేకుండా పెళ్లి భోజనం పెట్టనని మహేశ్ తండ్రి అంజయ్యగారు, పెళ్లి పందిట్లో మాంసం వండితే ఒప్పుకోనని నేను. ఎన్నిసార్లు కూర్చున్నా టీ తాగి లేవడమే అయింది.

పిల్లలకు మాత్రం ఇంకో కోరిక ఉంది. సాయంత్రం విందులో బర్గర్లు, ఫ్రెంచ్ ఫ్రైస్ పెట్టించాలని. డ్యూటీ దిగాక వాళ్లిద్దరూ మొదట కలిసి తిన్నవి అవేనట. ఏ కంపెనీవి బాగుంటాయో పెద్దవాళ్లం మేమిద్దరమే తిరిగి, రుచి చూసి చెప్పాలన్నారు. "ఒక రోజు కలిసి తిరగండి నాన్నా. అప్పటికీ మీకు కుదరకపోతే మేం రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టుకుంటాం. అప్పుడు ఎవరికీ ఏ భోజనమూ పెట్టక్కర్లేదు" అని సౌమ్య నెమ్మదిగానే చెప్పింది. తను గొంతు పెంచకుండా చెప్పే మాటలే జరుగుతాయని నాకు తెలుసు. అందుకని 2013 ఫిబ్రవరిలో ఒక శనివారం బయల్దేరాను. విమానం ఎక్కడానికో, ఎవరినో దింపడానికో ఆ దారిన వెళ్లేవాళ్లు ఎక్కడ తినాలని నన్ను అడుగుతూ ఉంటారు కాబట్టి, ఆ రోజు చూసిందంతా ఇక్కడ రాస్తున్నాను. దుకాణాల పేర్లు రాయడం లేదు. అవి ఎక్కడున్నాయో చెబుతాను, అది చాలు.

అత్తాపూర్‌లో తొమ్మిదిన్నరకు కారు తీశాను. పొడవాటి ఫ్లైఓవర్ ఎక్కితే ఆరాంఘర్ దాకా సిగ్నల్ గొడవ లేదు, అక్కడి నుంచి బెంగళూరు హైవే. ట్రాఫిక్ లేకపోతే శంషాబాద్‌కు అరగంట చాలు. నాకు నలభై నిమిషాలు పట్టింది. అంజయ్యగారు కందుకూరు నుంచి తుక్కుగూడ మీదుగా బస్సులో వచ్చి, బస్టాండు బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో మా ఇంటికని టమాటాల సంచి. నేను ముందు తలుపు తెరిస్తే ఆయన వెనక తలుపు తీసుకుని కూర్చున్నారు.

"ముందుకు రండి అంజయ్యగారూ" అన్నాను.

"గిక్కడ మంచిగనే ఉన్నది సార్. పోనియ్యుండ్రి."

అలా నేను కిరాయి కారు డ్రైవర్‌లా ముందు, ఆయన వెనక.

మొదటి దుకాణం శంషాబాద్ ఊరు దాటకముందే హైవే పక్కన, పెట్రోల్ బంకును ఆనుకుని ఉంది. అప్పుడే తెరిచారు, నేల ఇంకా తడిగా ఉంది. ఒక వెజ్ బర్గర్, ఒక చికెన్ బర్గర్, ఒక ఫ్రైస్ తీసుకున్నాను, అన్నీ కలిపి నూట యాభై దాటలేదు. చికెన్‌ది ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని ఒక వేలితో నా వైపు జరిపారు.

"ఇయ్యాల శనివారం సార్. నీసు ముట్ట."

అప్పుడే అడిగేశాను. "మాంసం లేకపోతే పెళ్లే కాదన్నారు కదండీ?"

"పెట్టాలన్న. నేను తింటనని అన్ననా?"

ఇంట్లో నేను ఆదివారాలు చికెన్ తింటాను. పెళ్లిలో వద్దన్నదే నా పట్టు. అలా మాంసం కావాలన్న మనిషి బంగాళదుంప బర్గరు, వద్దన్న మనిషి చికెన్ బర్గరు తిన్నాం. ఎదురుగా కూర్చుని ఇద్దరం ఒకేసారి ఆ సంగతి గమనించాం. ఆయన మీసాల కింద నవ్వు కనబడింది కానీ బయటకు రాలేదు.

రుచి సంగతి. ఇక్కడ బన్ను మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుంది. అంచులు పెనం మీద కాల్చి ఇచ్చారు. చికెన్ ముక్కలో మిరియాల ఘాటు ఉంది, లోపలి దాకా ఉడికింది. వెజ్ బర్గర్‌ను అంజయ్యగారు నాలుగు వైపులా తిప్పి చూసి, "ఆలుగడ్డ బోండాను వత్తి రొట్టెల నడుమ వెట్టిన్రు. బాగనే ఉన్నది" అన్నారు. ఫ్రైస్ సన్నవి, వేడి మీద బాగున్నాయి. పెళ్లిలో అయితే ప్లేటు పట్టుకుని జనం మాటల్లో పడతారు కాబట్టి, కొన్ని పక్కన పెట్టి కాసేపయ్యాక తిని చూశాం. వడలిపోయాయి. పెళ్లికి సప్లై చేస్తారా అని మేనేజరును అడిగితే, "బర్గర్లు డబ్బాల్లో పెట్టి పంపిస్తం సార్. ఫ్రైస్ మాత్రం పంపం, అక్కడికొచ్చేసరికి తినబుద్ధి కాదు" అని నిజాయితీగా చెప్పాడు.

అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు పదిహేను నిమిషాలు. టికెట్ లేనివాళ్లు లోపలికి వెళ్లలేరు కానీ, ప్రయాణికులు బయటకు వచ్చే చోట టెర్మినల్ ఎదురుగా అందరూ తినగలిగే దుకాణాల వరస ఉంది. పార్కింగుకు వేరే డబ్బు కట్టాలి, ఆ లెక్క ముందే వేసుకోండి. దుబాయ్ వెళ్లేవాళ్లను దింపడానికి వచ్చిన కుటుంబాలు గచ్చు మీద దుప్పటి పరచుకుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తింటున్నాయి. మా రెండో దుకాణం ఆ వరసలోదే, అక్కడ ధరలు హైవే మీదికంటే దాదాపు రెట్టింపు. బర్గరు పెద్దదే కానీ బన్ను పొడిపొడిగా రాలింది, చికెన్ ముక్కకు ఉప్పు తక్కువ. ఫ్రైస్ మాత్రం వేలు మందాన, తొక్కతో సహా వేయించినవి. మేము తిన్న వాటన్నిటిలో అవే మేలు.

ఆ ఫ్రైస్ బాగుండటంతో ఇద్దరికీ మాట కలిసింది. కలిసిన మాట తిన్నగా పెళ్లి భోజనం మీదికే వెళ్లింది. మొదట మెల్లగానే మాట్లాడుకున్నాం. ఆయన పట్టు వదలకపోయేసరికి నేను, "ఒక్క పూట మాంసం తినకపోతే మీ ఊరివాళ్లకు ఏం పోతుందండీ?" అన్నాను. అనగానే తప్పు మాట అని తెలిసింది.

అంజయ్యగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుని లేచారు. "నేను బస్సుల పోత సార్" అని మెట్లు దిగి వెళ్లిపోయారు.

పోతే పోనీ అనిపించిన మాట నిజం. తర్వాత ఇంటికెళ్లి సౌమ్యకు ఏం చెప్పాలో ఆలోచించాను. కౌంటర్లో ఉన్న అమ్మాయిని మిగిలిన ఫ్రైస్ ప్యాక్ చేయమంటే, "ప్యాక్ చేస్తే మెత్తగయితయి సార్, గిట్లనే పట్టుకపోండ్రి" అంది. కాగితం గిన్నె చేత్తో పట్టుకుని బస్సులు ఆగే చోటికి నడిచాను. ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పక్కన కూర్చుని గిన్నె మధ్యలో పెట్టాను. ఆయన వద్దనలేదు, తీసుకోనూ లేదు.

ఆయనే మొదలుపెట్టారు. "మా నాయిన సచ్చిపోయినప్పుడు నేను పదో తరగతి సదువుతున్న. నాలుగేండ్లు మా ఇంట్ల పండుగ లేదు సార్. బోనాలొచ్చినా, దసరా వచ్చినా ఎవలో ఒకలు కూర గిన్నె పంపేటోళ్లు. పెండ్లిళ్లకు నన్నూ మా అమ్మనూ ముందుగాల కూసోవెట్టి తినవెట్టిన్రు. అంజిగా, నువ్వెప్పుడు పెడ్తవురా అని ఒక్కలడగలే. ఇన్నేండ్లకు నా ఇంట్ల పెండ్లయితున్నది. ఆళ్లను పిలిచి పప్పన్నం పెట్టి పంపాల్నా?"

ఒక బస్సు వచ్చింది. ఆయన లేవలేదు. బస్సు వెళ్లిపోయింది.

అప్పుడు నేను మా అమ్మ గురించి చెప్పాను. మా నాన్న పోయినప్పటి నుంచి ఆమె నీసు ముట్టదు, ఆ వాసన ఉన్నచోట ఆమెకు ముద్ద దిగదు. రెండేళ్ల కిందట మా అన్నయ్య కూతురి పెళ్లిలో శాకాహారం ఒక వైపు, మాంసం ఒక వైపు పెట్టారు. అమ్మ ఎక్కడుందని అందరం వెతికితే, కారులో కిటికీ అద్దాలు ఎత్తుకుని కూర్చుని బిస్కెట్లు తింటోంది. అడిగితే, "నా కోసం ఎవరూ లేవక్కర్లేదురా" అంది. మనవరాలి పెళ్లి విందు ఆమెకు ఆ బిస్కెట్లే.

"ఈసారి ఆవిడను కారులో కూర్చోబెట్టలేనండీ" అన్నాను.

అంజయ్యగారు తల తిప్పి నన్ను చూశారు. "గీ మాట మొదలే చెప్పకపోతివి?"

"మీరూ చెప్పలేదు కదా."

ఆయన గిన్నెలోంచి ఒక ఫ్రై తీసుకున్నారు. చల్లారినా కరకరలాడింది. "ఇంక ఒక దుకాణం ఉన్నదంటివి గద. పా పోదాం" అన్నారు. కారు దగ్గరికి వెళ్లాక ముందు తలుపు తీసుకుని కూర్చున్నారు.

మూడోది షాద్‌నగర్ వైపు, కొత్తూరు దాటాక హైవే పక్కన ఫుడ్ కోర్టులో ఉంది. ఎయిర్‌పోర్టు నుంచి అరగంట పైనే. ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన కుర్రాళ్లతో, బెంగళూరు బస్సుల జనంతో కిక్కిరిసి ఉంది. అన్నిటికంటే చవక ఇదే. బర్గర్లో సాస్ ఎక్కువ, దుంప ముక్క పలచన, రెండోసారి కొరికేసరికే బన్ను తడిసిపోయింది. ఫ్రైస్ మీద చాట్ మసాలా చల్లారు, వేడిగా ఉన్నంతసేపు ఆ పులుపు బాగుంది. అంజయ్యగారు సగం తిని పక్కన పెట్టి, జేబులోంచి వక్కపొడి తీసి నాకూ పెట్టారు.

పరిష్కారం అక్కడే, ఆ గోలలోనే కుదిరింది. ముహూర్తం, మధ్యాహ్నం భోజనం శంషాబాద్ ఫంక్షన్ హాల్లో, పూర్తిగా శాకాహారం, మా ఖర్చు. సాయంత్రం విందు ఆయన ఇంటి ముందు, ఊరందరికీ, ఆయనకు నచ్చినట్టు. బర్గర్లు హైవే దుకాణం నుంచి డబ్బాల్లో. ఫ్రైస్ మాత్రం వంటవాళ్లతో అక్కడికక్కడే వేయించడం, ఎయిర్‌పోర్టులో తిన్నట్టు లావుగా, తొక్కతో.

"అమ్మ ఎండకు అలసిపోతరు. పగటి భోజనానికి ఒస్తె చాలు, రాత్రికి పరేషాన్ కావద్దు" అన్నారాయన.

"అలాగే బావగారూ" అన్నాను. ఆ పిలుపు నా నోట్లోంచి అప్రయత్నంగా వచ్చేసింది. ఆయన కూడా దాన్ని పట్టించుకోనట్టే, "జర తొందరగ పోదాం బావా, పొద్దు వంగుతున్నది" అన్నారు. తుక్కుగూడ మీదుగా ఆయనను ఇంటి దగ్గర దింపి, అత్తాపూర్ చేరేసరికి దీపాలు పెట్టారు.

ఈ టపా రాయడం ఆలస్యమైంది, ఈలోగా పెళ్లి కూడా అయిపోయింది. సాయంత్రం విందుకు అమ్మ రాదనుకున్నాం. పిల్ల కాపురం చేసే ఇల్లు చూడాలని ఆమే బయల్దేరింది. వెళ్లేసరికి అంజయ్య బావ మాంసం పొయ్యిలనూ, భోజనాల పంక్తులనూ రోడ్డు అవతలి చేలోకి మార్పించారు. గాలి ఎటు వీస్తోందో చూసి, ఆ వాసన రాని వైపు వాకిలి చివర అమ్మకు కుర్చీ వేయించారు. పక్కనే కొత్త మూకుడు, కొత్త నూనె, అందులో ఫ్రైస్ తప్ప ఇంకేమీ వేయకూడదని వంటమనిషికి గట్టిగా చెప్పి ఉంచారు. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని, "కాస్త కారం చల్లించు నాయనా" అంది. ఆయనే చల్లి తెచ్చారు. రెండు పిడికిళ్లు తిన్నాక అమ్మ ఆయనను చూసి, "నువ్వు తిన్నావా?" అని అడిగింది.

"ఊరోళ్లు తినాలె గదమ్మా."

"వాళ్లు తింటున్నారుగా. కూర్చో."

ఆయన ఆమె కుర్చీ పక్కన నేల మీదే కూర్చుని, అమ్మ ప్లేటులోంచి తిన్నారు. రోడ్డు అవతల పంక్తులు లేస్తున్నాయి, మళ్లీ కూర్చుంటున్నాయి. అటు చూస్తూ ఆయన, "ఇగ మంచిగున్నది" అన్నారు, ఫ్రైస్ గురించో, ఊరి గురించో నేను అడగలేదు.

ఆ రోజు తిన్నవి గొప్ప రుచులేమీ కావు. ఇంటికి వెళ్లాక మళ్లీ పెరుగన్నం తింటేనే కడుపు నిండింది. మేము మూడుసార్లు ఇంట్లో కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఎవరికి ఏం కావాలో చెప్పుకున్నాం, ఎందుకు కావాలో చెప్పుకోలేదు. ఎవరిదీ కాని చోట, కాగితం గిన్నె మధ్యలో పెట్టుకుని కూర్చుంటే ఆ మాట బయటికి వచ్చింది. ఇంట్లో ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ దారిన వెళ్లేవారికి ఒక్క సలహా. బర్గరు శంషాబాద్ హైవే మీదే తినేయండి, సగం ధరకు మంచిది దొరుకుతుంది. ఫ్రైస్ మాత్రం ఎయిర్‌పోర్టు బయట, కౌంటరు ముందు నలుగురైదుగురు వరసలో ఉన్నప్పుడు కొనండి. జనం లేని వేళ ఎప్పుడో వేయించి ఉంచినవి ఇస్తారు, జనం ఉంటే మూకుట్లోంచి నేరుగా మీ చేతికి వస్తాయి.