మూడో పాదం దగ్గర ఆగిపోయే డాక్టరు

మా మామయ్య పళ్ళ డాక్టరు. పన్ను తీసే ముందు మహామృత్యుంజయ మంత్రం చదువుతారు. చదివితే చదివారు, పూర్తిగా చదవరు. మూడో పాదం మధ్యలో మరిచిపోతారు. ముప్పై ఏళ్ళుగా రోజుకు పదిసార్లు చదివే మంత్రాన్ని పదిసార్లూ సరిగ్గా అదే చోట మరిచిపోతారు. ఆయన గురించి తెలుసుకోవలసింది ఇంతే. మిగతాదంతా దీనికి వ్యాఖ్యానం.

మృత్యుంజయ మంత్రం అంటే మనవాళ్ళకున్న అభిప్రాయం మీకు తెలియనిది కాదు. డాక్టర్లు పెదవి విరిచాక, బంధువులందరికీ ఫోన్లు చేశాక చదివించే మంత్రమని ప్రతీతి. అలాంటిది, పంటినొప్పని వచ్చి నోరు తెరిచి కళ్ళు మూసుకుని కుర్చీలో వాలిన మనిషికి చెవి పక్కనే గంభీరంగా "ఓం త్ర్యంబకం యజామహే" అని వినిపిస్తే ఎలా ఉంటుంది? ఒక బ్యాంకు గుమాస్తా మెడకు కట్టిన గుడ్డతో సహా వీధి చివరిదాకా పరిగెత్తాడు. మర్నాడు ఆ గుడ్డను ఉతికి ఇస్త్రీ చేసి భార్య చేత పంపించాడు గానీ తను మాత్రం ఆ వీధిలోకే రాలేదు. ఒక బట్టలకొట్టాయన కుర్చీలోంచే పెద్దకొడుక్కి ఫోను చేసి బీరువా తాళాలు ఎక్కడున్నాయో చెప్పేశాడు.

"నిజం చెప్పండి డాక్టరుగారూ, నేను తట్టుకోగలను" అన్నాడాయన, తట్టుకోలేని గొంతుతో.

"దవడ పన్ను పుచ్చింది."

"అంతేనా?"

"అంతే."

"మరి ఆ మంత్రం ఎందుకండీ?"

"అదా? అది దోసపండు గురించి" అన్నారు మామయ్య.

ఇక అక్కడ మొదలవుతుంది. మామయ్య మత్తుసూది ఇచ్చి, చక్రాల స్టూలు ముందుకు లాక్కుని కూర్చుని, ఆ మంత్రానికి అర్థం చెబుతారు. విన్నవాళ్ళు విన్నంత. వినకపోయినా ఫరవాలేదు, నోటి సగం మొద్దుబారిన మనిషి ఎదురు చెప్పలేడు.

"చూడండీ, ఇది చావు రాకుండా చేసే మంత్రం కాదు. ఆ మంత్రం ఎవరి దగ్గరా లేదు. మూడు కళ్ళ స్వామీ, అందరినీ సువాసనలా అంటుకుని ఉండి పోషించేవాడా, మమ్మల్ని దోసపండులా విడిపించు అంటున్నాడు ఆ ఋషి. మామిడికాయని కర్రతో కొట్టి రాలగొడతాం. దోసపండుని ఎవరూ తెంపక్కర్లేదు. నేలమీదే ఉంటుంది, పండేదాకా తీగ పట్టుకుంటుంది, పండాక తీగే చెయ్యి వదిలేస్తుంది. పండుకి నొప్పి లేదు, తీగకి నొప్పి లేదు. చావు దగ్గర్నుంచి అలా విడిపించు, అమృతం దగ్గర్నుంచి మాత్రం విడదీయకు అని చివరి మాట. అంటే ఏమిటి? పచ్చిగా తెంపొద్దని. అర్థమైందా?"

"ఊఁ" అంటాడు కుర్చీలో మనిషి.

"నేను పళ్ళు పీకను. ఊపి ఊపి అడుగుతాను. చిగుళ్ళు వదిలినప్పుడు తీసుకుంటాను. అంతే తేడా."

దీంతో ఊళ్ళో ఆయనకు దోసపండు డాక్టరని పేరు స్థిరపడిపోయింది. బయట బోర్డు మీద ఉన్న అసలు పేరు పోస్టుమానుకి కూడా గుర్తులేదు.

నేను ఆయన మేనకోడల్ని. ఆ క్లినిక్కులోనే వెనక గదిలో కట్టుడు పళ్ళు చేస్తాను. మైనం కరిగించడం, అచ్చు పోయడం, ఎవరి చిగుళ్ళకు ఏ వరస సరిపోతుందో చూసి అరగదీయడం నా పని. చేరిన మొదటిరోజే నేనొక ఘనకార్యం చేశాను. ముందు గదిలో మామయ్య "ఉర్వారుకమివ..." అని ఆగిపోయారు. పాపం, మరిచిపోయారు కాబోలనుకుని వెనకనుంచి "బంధనాత్!" అని గట్టిగా అందించాను. ఎన్నడూ గొంతు పెంచని మనిషి, చేతిలో పట్టకారుతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మాయ్, నిన్నెవరడిగారు?"

"మీరు మరిచిపోయారని..."

"నేను మరిచిపోతే నేను చూసుకుంటాను. నువ్వు నీ మైనం చూసుకో."

మర్నాటికల్లా రెండు గదుల మధ్యా ఒక దళసరి తలుపు వెలిసింది. పొగరు అనుకున్నాను. తన లోపం ఎవరైనా పట్టుకుంటే మగవాళ్ళకు ఇలాగే రోషం వస్తుందని అత్తయ్యతో చెప్పాను. అత్తయ్య సంతోషంగా ఒప్పుకుంది.

అత్తయ్య లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. తప్పు కనిపిస్తే దిద్దకుండా నిద్రపోలేదు. మంత్రం మొత్తాన్ని అరచేయంత అక్షరాలతో అట్టమీద రాసి, మూడో పాదం కింద ఎర్రగీత గీసి, కుర్చీ ఎదురుగా గోడకు అంటించింది. మామయ్య ఆ అట్టకు వీపు పెట్టి నిలబడతారు. సరేనని వెనక గోడకు ఇంకొకటి అంటించింది. దగ్గరచూపు కళ్ళజోడులో గోడ కనిపించదన్నారు. జ్ఞాపకశక్తి మాత్రలు తెప్పించి రెండు నెలలు దగ్గరుండి మింగించింది. దాని ఫలితంగా మామయ్యకు ప్రతి రోగి మనవల పేర్లూ, వాళ్ళు చదివే తరగతులూ నోటికొచ్చేశాయి. మూడో పాదం మాత్రం ఉర్వారుకమివ దగ్గరే ఉంది. ఇంట్లో స్నానం చేస్తూ చదివినా అక్కడే ఆగుతారు. వంటింట్లోంచి అత్తయ్య "బంధనాత్!" అని అరిస్తేగానీ స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు మళ్ళీ మొదలవదు.

క్లినిక్కులో అందించే పని రోగులది. మత్తుసూది ఇవ్వకముందే మామయ్య బతిమాలుకున్నట్టు అడుగుతారు. "మీరో సాయం చెయ్యాలి. నాకు మూడో పాదంలో మతిమరుపు. అదుగో, ఆ అట్టమీద ఎర్రగీత. నేను ఆగగానే మీరు ఆ మాట అందించాలి. సగంలో ఆగితే బావుండదు కదా." ఇంకేముంది, కుర్చీలో ఉన్నవాడు తన పన్ను సంగతి వదిలేసి అట్టకేసి చూడ్డం మొదలుపెడతాడు. పెదవులు కదుపుతూ వల్లెవేస్తాడు. తీరా ఆ క్షణం వచ్చేసరికి నోట్లో పట్టకారు ఉంటుంది కాబట్టి "అంఅఆఆ!" అని వస్తుంది. మామయ్య ఎంతో కృతజ్ఞతగా తలూపి నాలుగో పాదం అందుకుంటారు. కాసేపటికి పన్ను గిన్నెలో టంగుమంటుంది.

ఇలా సాగుతుండగా హారన్ తాతయ్య వచ్చాడు.

ముప్పై ఐదేళ్ళు బస్సు నడిపిన మనిషి. ఆయన మామూలుగా మాట్లాడితే ఎదురింటి వాళ్ళు దారిచ్చి నిలబడతారు, అందుకే ఆ పేరు. ఆయన గుండెలో ఒక కవాటం పాడైంది, మార్చాలి. పుచ్చిన పంటిలోని క్రిములు గుండెకు పాకుతాయి కాబట్టి ముందు ఆ పన్ను తీయించుకుని కాగితం పట్టుకొస్తేనే ఆపరేషన్ అన్నారు గుండె డాక్టర్లు. తేదీ కూడా ఇచ్చారు. ఇంక పది రోజులుంది. ఈయనేమో అప్పటికే మూడు క్లినిక్కుల్లో కుర్చీలోంచి దిగి పారిపోయాడు. గుండె కోయించుకోవడానికి భయం లేదట, అప్పుడు నిద్రపుచ్చుతారు కదా. పన్ను దగ్గర మెలకువగా ఉండాలి, అదీ ఆయన బాధ.

ముందురోజే ఆయన కూతురు వచ్చింది. పోస్టాఫీసులో పనిచేస్తుంది. అరడజను కాగితాలు బల్లమీద పరిచి చేతులు జోడించింది.

"డాక్టరుగారూ, ఇదొక్కటే ఆఖరి అవకాశం. తేదీ తప్పితే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలీదు, అప్పటిదాకా నాన్న ఉంటారో లేదో తెలీదు. మీకు దణ్ణం పెడతాను, ఆ మంత్రం మాత్రం చదవకండి. గుండె జబ్బు మనిషి, అది వింటే కుర్చీలోనే పోతారు."

"నిజమే మావయ్యా, ఈ ఒక్కసారికి వద్దు" అన్నాను నేను.

మామయ్య ఆ కాగితాలన్నీ చదివి ఆమెకు తిరిగిచ్చారు. "సరేనమ్మా, చదవను" అన్నారు.

మర్నాడు తాతయ్య కూతురితో వచ్చి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. గుండె డాక్టరు ముందుగా వేసుకోమన్న మందు వేసుకున్నాడా అని కనుక్కుని, మామయ్య మారు మాట్లాడకుండా సూది తీశారు. దగ్గరుండి చూడాలని ఆ రోజు నేనూ పక్కనే నిలబడ్డాను. గదిలో ఎంత నిశ్శబ్దమంటే, గిన్నెలో పట్టకారు పెట్టిన చప్పుడుకి ముగ్గురం ఉలిక్కిపడ్డాం. తాతయ్య దవడలు బిగుసుకుపోయాయి. కుర్చీ చేతుల్ని స్టీరింగులా పట్టుకున్నాడు.

"నోరు తెరవండి."

తెరవలేదు. కళ్ళు మాత్రం ఇంతింత చేసుకుని మామయ్యని చూశాడు. చివరికి పళ్ళ సందులోంచి అడిగాడు.

"డాక్టరుగారూ... మీరేదో మంత్రం చదువుతారట కదా అందరికీ?"

"ఆఁ... అప్పుడప్పుడూ."

"మరి నాకు చదవడం లేదేం? చదివినా లాభం లేదనా?"

గుమ్మం దగ్గర కూతురు నెత్తి కొట్టుకుంది. మామయ్య మొహం మాత్రం పండగలా వెలిగిపోయింది.

"అయ్యో, అదేం లేదండీ! చదువుదామనే ఉంది. కాకపోతే నాకు మూడో పాదం గుర్తుండదు. అందించేవాళ్ళు లేక ఊరుకున్నాను."

"మూడో పాదమా?" తాతయ్య కొంచెం లేచి కూర్చున్నాడు. "ఏదీ, ఎక్కడుంది?"

అట్ట చూపించారు. తాతయ్య రెండుసార్లు చదువుకున్నాడు. "ఈమాత్రం గుర్తుండదా మీకు? ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చారండీ? నేను నలభై ఏడు స్టాపులు వరసగా చెప్పేవాణ్ణి. మీరు కానివ్వండి, నేనున్నాను."

సూది ఎప్పుడు పడిందో ఆయనకు తెలియలేదు. దోసపండు కథంతా విన్నాడు. విని, సగం మొద్దుబారిన నోటితో అడిగాడు.

"ఆపరేషన్ ఉంది కదా నాకు... మరి నేను పండినట్టేనా?"

"మీరా?" మామయ్య ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "ఇంకా పిందె. తీగ గట్టిగా పట్టుకునుంది. కంగారు పడకండి."

డెబ్భై రెండేళ్ళ పిందె హాయిగా నోరు తెరిచింది. మంత్రం మొదలైంది. ఉర్వారుకమివ దగ్గర మామయ్య యథాప్రకారం ఆగి దిక్కులు చూశారు. తాతయ్య ముప్పై ఐదేళ్ళ హారనంతా కూడగట్టి "అంఅఆఆఆ!" అన్నాడు. వీధిలో రెండు స్కూటర్లు ఆగాయి. పన్ను గిన్నెలో పడింది.

"ఎప్పుడు పీకారు?" అన్నాడు దూది నొక్కుకుంటూ.

"నేనెక్కడ పీకాను? అదే వదిలేసింది."

ఆపరేషన్ రోజు పొద్దున్న నాకు ఒక కట్టుడు పళ్ళ జత పూర్తిచేసే పని ఉండి ఎనిమిదిలోపే క్లినిక్కుకి వెళ్ళాను. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మామయ్య ఒక్కరే పనిముట్లు కడుగుతున్నారు. గడియారాన్ని గోడమీంచి దింపి ఎదురుగా బల్లమీద పెట్టుకున్నారు. తాతయ్యను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళే సమయం అది. మామయ్య మంత్రం చదువుతున్నారు. మొదటి పాదం, రెండోది, మూడోది, నాలుగోది. మళ్ళీ మొదటినుంచి. ఎక్కడా ఆగలేదు, తడుముకోలేదు. మూడో పాదం నీళ్ళలా దొర్లిపోతోంది. నేను గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో లెక్కపెట్టలేదు.

"మావయ్యా! మీకు మూడో పాదం వచ్చు!"

పట్టుబడిన దొంగలా తిరిగారు. "ష్! మీ అత్తయ్యకి చెప్పకు."

"మరి ఇన్నేళ్ళూ?"

తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ స్టూలు మీద కూర్చున్నారు. "మొదటిసారి నిజంగానే మరిచిపోయాను. కొత్త డాక్టర్ని, చేతులు వణుకుతున్నాయి. కుర్చీలో ఒక బట్టలు కుట్టే ఆవిడ. నాకంటే ఎక్కువ వణుకుతోంది. నేను తడబడితే ఆవిడే అందించింది. అందించగానే చూశాను, కుర్చీని పట్టుకున్న చెయ్యి వదిలేసింది. భయపడేవాడికి ధైర్యం చెబితే ఇంకా భయపడతాడే అమ్మాయ్. పని చెబితే భయపడే తీరిక ఉండదు. పైగా పక్కవాడు తనకంటే అధ్వాన్నంగా ఉన్నాడంటే మనిషికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది."

"మరి ఇంట్లో కూడా ఎందుకు?"

"ఇంట్లో గుర్తుంటే మీ అత్తయ్య ఆ అట్ట పీకేయదూ?"

ముప్పై ఏళ్ళు ఇంటా బయటా మతిమరుపు మనిషని మాటలు పడి, మాత్రలు కూడా మింగిన ఆ మనిషిని చూస్తే నాకు నవ్వూ గర్వమూ ఒక్కసారే వచ్చాయి. చదువుకున్నవాళ్ళు చాలామంది ఆ మంత్రానికి అర్థం చెప్పగా విన్నాను. దాన్ని చేత్తో చేసి చూపించినవాణ్ణి ఈయన్నొక్కణ్ణే చూశాను. ఈ మాట ఆయన మొహం మీదే అనేశాను. ఆయన వినిపించుకోనట్టు గడియారం చూసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య క్యారేజీ తెచ్చిన సమయానికి ఫోను మోగింది. నేను తీశాను. తాతయ్య కూతురు. ఏడుస్తోందో నవ్వుతోందో ముందు తెలియలేదు.

"ఆపరేషన్ బాగా జరిగిందండీ! గొంతులో గొట్టం తీసేశారు. నాన్న మాట్లాడుతున్నారు. మొదటి మాట ఏమన్నారో తెలుసా? పాపం, ఆ డాక్టరుకి ఇప్పుడు మూడో పాదం ఎవరందిస్తున్నారు అని. ఎవరో ఒకర్ని చూసిపెట్టేదాకా నన్ను ఇంటికెళ్ళనిచ్చేట్టు లేరు."

ఆ గొంతు ఫోనులోంచి గదంతా వినిపించింది. అత్తయ్య క్యారేజీ ఠపీమని బల్లమీద పెట్టింది. "విన్నారా? గుండె కోయించుకున్న మనిషికి కూడా మీ మతిమరుపు బెంగే! సిగ్గుగా లేదూ?"

"ఏం చెయ్యను, వయసు" అన్నారు మామయ్య దీనంగా.

"అవునత్తయ్యా, ఈ మధ్య మరీ ముదిరింది" అన్నాను నేను. ఫోనులోకి చెప్పాను. "తాతయ్యగారిని నిశ్చింతగా పడుకోమనండి. ఆయన వచ్చేదాకా నేను అందిస్తాను."

మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, తరవాతి మనిషిని లోపలికి రమ్మన్నారు.